పాత బేస్‌మ్యాన్ 50 డ్రమ్స్ ముందు వినపడట్లేదు, ట్యూబులు మార్చాలా?

ప్రశ్న (బెంగళూరు, మారతహళ్లి నుంచి)

అందరికీ నమస్తే. మా మావయ్య అమెరికా నుంచి తిరిగొచ్చేస్తూ తన ఫెండర్ బేస్‌మ్యాన్ 50 హెడ్ (స్పీకర్ లేని ఆంప్లిఫయర్ డబ్బా) నాకిచ్చేశాడు. డెబ్బైల నాటి ట్యూబ్ ఆంప్, దాంట్లో బేస్ గిటార్ వాయిస్తా. ఎస్పీ రోడ్డులో కొన్న స్టెప్‌డౌన్ (మన కరెంటుని అమెరికా 120 వోల్టులకి దించే ట్రాన్స్‌ఫార్మర్) మీద నడుపుతున్నా. క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) మాత్రం మా గిటారిస్టుది, 12 అంగుళాల స్పీకర్ ఒక్కటే. ఇంట్లో వాయిస్తే కిటికీ అద్దాలు గలగలలాడతాయి. కమ్మనహళ్లిలో చర్చి బ్యాండ్ ప్రాక్టీసుకి తీసుకెళ్తే, డ్రమ్మర్ మొదలెట్టాక నేను వాయిస్తున్నానో లేదో నాకే తెలియట్లేదు. వాల్యూమ్ 5 దాకా పెరుగుతుంది, ఆ పైన తిప్పితే గరగర తప్ప సౌండ్ రాదు. 6ఎల్6 ట్యూబులు పీకేసి కేటీ88 పెడితే పవర్ డబుల్ అవుతుందని ఒకరన్నారు. పెట్టొచ్చా?

జవాబు (బానసవాడి నుంచి)

ఆగు తమ్ముడూ, కేటీ88 జోలికి పోకు. 6ఎల్6లో ట్యూబుని వేడిచేసే హీటర్ ఒక్కోటి 0.9 ఆంపియర్లు లాగుతుంది, కేటీ88 అయితే 1.6. రెండింటికీ కలిపి 1.8 ఇచ్చే చోట 3.2 లాగితే, యాభై ఏళ్ల పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉడికిపోతుంది. పోనీ తట్టుకుందనుకో, నిజంగానే 50 వాట్లు 100 అయ్యాయనుకో. సౌండ్ కొలతలో పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే 10 దాకా కావాలి, అంటే దాదాపు 500 వాట్లు. ట్యూబులు మార్చి అక్కడిదాకా ఎవరూ వెళ్లలేరు.

ముందు ఇవి చూసి చెప్పు. బేస్ ఛానల్లో ఒకటో నంబర్ ఇన్‌పుట్‌లోనే పెట్టావా? రెండోదాంట్లో సిగ్నల్ సగానికి పడిపోతుంది. వెనకాల క్యాబినెట్ మెయిన్ స్పీకర్ జాక్‌లో ఉందా? ఎక్స్‌టెన్షన్ జాక్‌లో మాత్రమే పెడితే, ఖాళీగా ఉన్న మెయిన్ జాక్ అవుట్‌పుట్‌ని షార్ట్ చేసేస్తుంది, సౌండ్ దాదాపు రాదు. తర్వాత ఆంప్ ఆపేసి, క్యాబినెట్ కేబుల్ ఊడదీసి, దాని చివర మల్టీమీటర్‌తో ఎన్ని ఓమ్‌లో చూడు. స్టెప్‌డౌన్ కెపాసిటీ ఎన్ని వీఏ (వోల్ట్-ఆంపియర్లు)? గట్టిగా వాయిస్తున్నప్పుడు అవతలి వైపు వోల్టేజీ ఎంత? కరెంటు మీద మీటర్ పెట్టడం అలవాటు లేకపోతే తెలిసినవాళ్లని పక్కన పెట్టుకో. ఆంప్ డబ్బా మాత్రం తెరవకు. లోపల 400 వోల్టులకు పైనే ఉంటుంది, ప్లగ్ పీకినా కెపాసిటర్లలో కాసేపు దాక్కునే ఉంటుంది.

మరో జవాబు

బూస్ట్ పెడల్ ఒకటి పెట్టేస్తే సరిపోదా బ్రో? నేను అదే చేశా.

జవాబు (బానసవాడి నుంచి)

నీ ఆంప్‌లో ఖాళీ ఉండుంటుంది. ఇతనిది 5 దగ్గరే గరగరలాడుతోంది కదా, ఇంకా సిగ్నల్ తోస్తే గరగరే పెరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు

అన్నా, ఒకటో ఇన్‌పుట్, మెయిన్ జాక్, రెండూ కరెక్టే. క్యాబినెట్ మీటర్లో 6.1 చూపించింది. వెనకాల సగం తెరిచి ఉంది, చెయ్యి పెట్టొచ్చు. స్టెప్‌డౌన్ మీద 300 వీఏ అని రాసుంది. ఊరికే ఉన్నప్పుడు 117, గట్టిగా వాయిస్తే 104కి దిగిపోతోంది. ట్రెబుల్ 3, బేస్ 10లో పెడతా.

జవాబు (బానసవాడి నుంచి)

దొంగ దొరికాడు, ఒకడు కాదు ముగ్గురు.

చిన్నది ముందు చెప్తా. 120 ఉండాల్సిన చోట 104 అంటే పవర్లో పావు వంతు పోయింది. చెవికి ఇది డెసిబెల్ పైన కాస్తే, కానీ హీటర్లకి 6.3 బదులు 5.5 వోల్టులే వెళ్తే ట్యూబులు నీరసపడతాయి. 750 వీఏది తీసుకో. మూడు పిన్నుల సాకెట్ ఉండగానే ఎర్త్ ఉందనుకోవద్దు, చాలావాటిలో ఆ మూడో రంధ్రం ఉత్తుత్తిదే. వైరు లోపలిదాకా వచ్చిందో లేదో షాపులోనే మీటర్‌తో చూపించమను. ఎర్త్ లేకపోతే తీగల మీద చెయ్యి ఉండగా పాడే మైక్ పెదవికి తగిలినప్పుడు షాక్ కొట్టి తెలుస్తుంది.

పెద్దది క్యాబినెట్. మీటర్లో 6 వచ్చిందంటే అది 8 ఓమ్‌లది, నీ హెడ్ 4 ఓమ్‌లకి కట్టింది. దానివల్ల కొంత పవర్ బయటికి రాదు. అంతకంటే ఘోరం, వెనక తెరిచున్న గిటార్ క్యాబ్‌లో కోన్ (స్పీకర్‌లో అదిరే కాగితం) ముందు నుంచి వచ్చే గాలీ, వెనక నుంచి వచ్చే గాలీ కింది స్వరాల దగ్గర ఒకదాన్నొకటి చంపుకుంటాయి. నాలుగో తీగ 41 హెర్ట్జ్‌లో మోగుతుంది. నువ్వు బేస్ 10కి తిప్పి ఉన్న 50 వాట్లనీ ఆ వినపడని చోటే తగలేస్తున్నావు. పాపం గిటారిస్టు స్పీకర్ కూడా చినుగుతుంది.

బేస్ కోసం కట్టిన 8 ఓమ్‌ల మూసిన క్యాబ్‌లు రెండు చూడు. మెయిన్, ఎక్స్‌టెన్షన్ రెండు జాక్‌లలో చెరొకటి పెడితే ప్యారలల్‌లో సరిగ్గా 4 ఓమ్‌లు అవుతుంది. సెకండ్‌హ్యాండ్ అయినా ఫరవాలేదు, సెన్సిటివిటీ అంకె (ఒకే పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పేది) మాత్రం అడుగు. 93 డీబీ స్పీకర్ బదులు 99 డీబీది దొరికితే వాట్లని నాలుగు రెట్లు చేసినట్టే. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టు, పైది నీ ఛాతీ ఎత్తుకి వస్తుంది, నీకూ వినపడుతుంది.

మూడో దొంగ ఆ బేస్ నాబ్. ఈ ఆంప్‌కి మిడ్ (మధ్య స్వరాల) నాబ్ లేదు. బేస్ తగ్గిస్తేనే మిడ్ పైకి తేలుతుంది. 3 దగ్గర మొదలుపెట్టు, డీప్ స్విచ్ ఉంటే ఆపెయ్. ఇంట్లో ఒక్కడివే వాయిస్తే డొల్లగా, ముక్కుతో పాడినట్టు ఉంటుంది. కంగారుపడకు, డ్రమ్స్ పక్కన అదే నిలబడుతుంది.

ప్రశ్న అడిగినవారు (మూడు వారాల తర్వాత)

అన్నా, వైట్‌ఫీల్డ్‌లో ఒకాయన అమ్ముతుంటే 10 అంగుళాల స్పీకర్లు రెండేసి ఉన్న క్యాబ్‌లు జత తీసుకున్నా, ఒక్కోటి 8 ఓమ్‌లు. కొత్త స్టెప్‌డౌన్ మీద ఎంత వాయించినా 117 కదలట్లేదు. నిన్న బేస్ 3, ట్రెబుల్ 5, వాల్యూమ్ 4. గరగర లేదు, ప్రతి నోటూ వినపడింది. కీబోర్డు అబ్బాయి అయితే ఎడమ చేత్తో బేస్ వాయించడం మానేశాడు. ఒక్కటే మిగిలింది. వాల్యూమ్ సున్నాలో పెట్టినా గుయ్‌మని సన్నగా మోగుతోంది.

జవాబు (బానసవాడి నుంచి)

కరెంటు గుయ్‌మనకుండా సాఫు చేసే ఫిల్టర్ కెపాసిటర్లు అయ్యుంటాయి. ఎప్పుడూ మార్చకపోతే వాటికీ నీ ఆంప్ వయసే. శనివారం ఇటు తీసుకురా, బయాస్ (ఊరికే ఉన్నప్పుడు ట్యూబులు ఎంత కరెంటు లాగాలో ఆ సెట్టింగు) కూడా చూద్దాం. స్పీకర్ కేబుళ్లు కూడా మర్చిపోకుండా తే. గిటార్ కేబుళ్లే అక్కడ పెట్టి నడిపిస్తున్నావేమోనని నా అనుమానం.