నల్లగొండ నుంచి కారులో సముద్రానికి: రెండు రోజుల్లో బందరు నుంచి నెల్లూరు దాకా అయితదా?

నల్లగొండ నుంచి ఒక తమ్ముడు:
అన్నలూ, వచ్చే శనివారం ఐదుగురం దోస్తులం కారు వేసుకొని సముద్రానికి పోదామనుకుంటున్నాం. సూర్యాపేట, విజయవాడ మీదుగా బందరు చేరి, మంగినపూడి బీచ్ చూసి, అక్కడి నుంచి తీరం వెంబడే సూర్యలంక, వాడరేవు, కొత్తపట్నం, మైపాడు, ఇట్లా నెల్లూరు దాకా పోయి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి. మాకు కావాల్సింది ఒక పక్క సముద్రం, ఒక పక్క రోడ్డు, అద్దాలు దించి పాటలు. కారు మాది కాదు, తెలిసినాయన దగ్గర రోజు కిరాయికి మాట్లాడినం. అయితదా?

మిర్యాలగూడ డ్రైవరన్న:
తమ్మీ, తిరగడం అయితది గాని సముద్రం చూడడం కాదు. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా పోయే 216 హైవేను మ్యాపులో చూస్తే సముద్రం పక్కనే ఉన్నట్టు అనిపిస్తుంది, కానీ బందరు నుంచి చీరాల దాకా నీకు కనిపించేది వరి పొలాలు, రొయ్యల చెరువులు, సరుగుడు తోటలు. ప్రతి బీచ్‌కూ హైవే దిగి లోపలికి పోవాలి, మళ్లీ అదే దారిన వెనక్కి రావాలి. బాపట్ల నుంచి సూర్యలంకకే తొమ్మిది కిలోమీటర్ల దాకా ఉంటుంది. నువ్వనుకునే అద్దాలు దించి పాటల రోడ్డు విశాఖ నుంచి భీమిలికి పోయేది, లేదంటే కాకినాడ నుంచి ఉప్పాడ పోయేది, అది కూడా ఏటా సముద్రం కోసుకుపోతూనే ఉంటుంది. రెండు రోజుల్లో అవి నల్లగొండ నుంచి పెట్టుకోకు.

నా మాట విని బందరూ నెల్లూరూ రెండూ తీసెయ్. బాపట్ల, చీరాల మధ్యనే ఉండు. పోయేటప్పుడు మిర్యాలగూడ, వాడపల్లి బ్రిడ్జి, దాచేపల్లి, పిడుగురాళ్ల, నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు మీదుగా చీరాల. ఆగకుండా పోతే ఐదు గంటల లోపే. వచ్చేటప్పుడు బాపట్ల, పొన్నూరు, గుంటూరు, సత్తెనపల్లి మీదుగా వచ్చి పిడుగురాళ్లలో మళ్లీ పోయిన రోడ్డే పట్టుకో. ఆ రోడ్డు మీద మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లుల లారీలు, దామరచర్ల దాటినంక సిమెంటు ఫ్యాక్టరీల లారీలు, పిడుగురాళ్ల దగ్గర సున్నం బట్టీల లారీలు, ఇట్లా బారులు తీరి ఉంటాయి. కొన్ని బండ్లు లైట్ లేకుండా రోడ్డు పక్కనే ఆపి ఉంటాయి. అందుకే అర్ధరాత్రి బయల్దేరుడు వద్దు, తెల్లారుజామున నాలుగున్నరకు లేచి పోండి.

ఇంకో మాట, అసలు ఇదే ముందు చెప్పాల్సింది. కిరాయికి మాట్లాడిన కారు తెల్ల ప్లేటుదా? సొంతానికి రిజిస్టరైన బండిని కిరాయికి తిప్పకూడదు, ఏదన్నా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు అక్కడే పట్టుకుంటారు. సెల్ఫ్ డ్రైవ్ బండి కావాలంటే నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలది తీసుకోండి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే అది ట్యాక్సీ, ఆంధ్రలోకి పోవడానికి దానికి పర్మిట్ ఉందో లేదో ముందే అడగండి. ఇక్కడి మందు సీసాలు డిక్కీలో పెట్టుకొని పోకండి, బోర్డర్‌లో చెక్ చేస్తే ట్రిప్పు అక్కడే అయిపోతది.

నల్లగొండ నుంచి ఒక తమ్ముడు:
అయ్యో, తెల్ల ప్లేటే అన్నా. ఇప్పుడే ఫోన్ చేసి వద్దని చెప్పిన. మాలో ఒకని బావకు సొంత కారుంది, అడుగుతున్నాం. ఈత రాని వాళ్లు ఇద్దరున్నరు, వాళ్లకు ఏ బీచ్ మంచిది?

చీరాల అల్లుడు (సొంతూరు దేవరకొండ):
ఈత వచ్చినోళ్లకే ఎక్కువ ప్రమాదం తమ్ముడూ, సాగర్ కాలువలో ఈదినోళ్లం మనకేంది అని లోపలికి పోతారు. వాడరేవు, రామాపురం, సూర్యలంక, మూడు చోట్లా ఎంతోమంది కొట్టుకుపోయారు. అలలన్నీ విరుగుతుంటే మధ్యలో ఒక చోట మాత్రం అల విరగకుండా, నీళ్లు కాస్త మురికిగా, నిమ్మళంగా కనిపిస్తాయి చూడు, మనవాళ్లు అక్కడ సేఫ్ అనుకొని దిగుతారు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి గుంజుకుపోయే దారి అదే. దాంట్లో పడితే ఒడ్డుకు ఎదురీదొద్దు, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే ఆ గుంజుడు తప్పుతుంది. ఈత రానోళ్లకు మోకాలి లోతే హద్దు. అల వెనక్కి పోయేటప్పుడు మడమ కింది ఇసుక జారి కాలు కుంగుతుంటే ఇంక ముందుకు పోవద్దని అర్థం. పోలీసులు, మెరైన్ వాళ్లు విజిలేస్తే గొడవ పెట్టుకోకుండా బయటికి రండి. తాగి దిగడం గురించి వేరే చెప్పక్కర్లేదు.

తూర్పు తీరం కాబట్టి మీరు చూడాల్సింది పొద్దుపొడుపు, సూర్యాస్తమయం కోసం కూర్చుంటే వీపు వెనక సరుగుడు చెట్లే. పదకొండు దాటితే ఇసుక మీద చెప్పుల్లేకుండా నడవలేరు. కాబట్టి శనివారం సాయంత్రం వాడరేవు, ఆదివారం తెల్లారి సూర్యలంక, మధ్యాహ్నం ఎండ వేళ ఊళ్లు.

ఊళ్లంటే వేటపాలెం తప్పకుండా పోండి, జీడిపప్పు అక్కడ కొనుక్కోండి. 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం కూడా ఆ ఊళ్లోనే. అక్కడి నుంచి మోటుపల్లి దగ్గరే. కాకతీయుల రేవు అది. తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజులు లాగేసుకునే కాలంలో, మా దగ్గర అట్లా ఉండదు, సుంకం మాత్రమే తీసుకుంటామని 1244లో గణపతిదేవుడు వ్యాపారులకు అభయశాసనం వేయించింది అక్కడే. మన పానగల్లు గుళ్లు నచ్చినోళ్లకు అది కూడా నచ్చుతుంది. మీ దోస్తులు బోర్ అంటే వాళ్లను కారులోనే ఉంచి నువ్వు దిగు.

నకిరేకల్ నుంచి ఒక అన్న:
చేపల సంగతి నేను చెప్తా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం, అప్పుడు పోతే పెద్ద చేపలు తక్కువ. మిగతా రోజుల్లో చందువా, వంజరం అడగండి. కిలో ఎంత, వేయించి ఇవ్వడానికి ఎంత, రెండూ ముందే మాట్లాడుకోండి. మీ ముందే తూకం వేయించి, మీ ముందే కోయించండి, లేకపోతే చూపించేది ఒకటి, ప్లేట్లోకి వచ్చేది ఇంకొకటి.

కారును మాత్రం ఇసుకలోకి దించకండి. దిగబడితే రేజ్ చేసిన కొద్దీ ఇంకా లోతుకు పోతది. టైర్లలో గాలి కొంత తీసి, ముందు తాటి మట్టలు పరిచి నెమ్మదిగా తీయాలి. ట్రాక్టర్ వచ్చిందంటే రేటు వాళ్లిష్టం. రిమోట్ తాళం జేబులో పెట్టుకొని నీళ్లలో దిగకండి, ఒడ్డున ఒకళ్లు ఉండాల్సిందే. ఇంటికొచ్చినంక బండి కింద మంచి నీళ్లతో కడిగించండి, బావ కారు కదా.

నల్లగొండ నుంచి ఒక తమ్ముడు:
బావ ఒప్పుకున్నడు, కానీ తనూ వస్తాడట. ఆరుగురం అయితున్నం, కారు ఐదు సీట్లది. రూములు?

చీరాల అల్లుడు:
సూర్యలంకలో టూరిజం వాళ్ల హరిత రిసార్టు ఉంది, శనివారాలు ముందే నిండుతుంది, ఈరోజే చూడు. దొరకకపోతే చీరాల లాడ్జిల్లో దిగండి, అందరి ఆధార్ తీసుకురండి. కార్తీక పౌర్ణమికి మాత్రం ఆ పక్కకే రాకండి, సముద్ర స్నానాలకు జనం విరగబడతారు. నవంబరు, డిసెంబరులో అయితే వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకొని బయల్దేరాలి, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గరే.

మిర్యాలగూడ డ్రైవరన్న:
ఐదు సీట్ల బండిలో ఆరుగురు వద్దు. ఒకర్ని గుంటూరు దాకా రైలెక్కించండి, అక్కడి నుంచి చీరాలకు బస్సులుంటాయి. ఎవరు రైలెక్కాలో మీరే తేల్చుకోండి, బావను మాత్రం ఎక్కించకండి.