సిరోంచ పిల్లల స్కాలర్‌షిప్: నది దాటితే ఆగిపోవాల్నా?

ప్రాణహిత గట్టు (సిరోంచ):
మా బిడ్డ పన్నెండో తరగతి సైన్స్ పాసైంది. సీఈటీ (మహారాష్ట్ర ప్రవేశ పరీక్ష) రాస్తే క్యాప్ (సర్కారు సీట్ల కౌన్సెలింగ్) మొదటి రౌండ్‌ల చంద్రపూర్ ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీల ఎలక్ట్రికల్ వచ్చింది. మేం ఓబీసీ. కాస్ట్ వ్యాలిడిటీ, నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్లు రెండూ చేతిల ఉన్నయి. ఏడాది ఆదాయం నాలుగు లక్షల లోపే. చుట్టాలంతా మంచిర్యాల దిక్కు పంపుమంటున్నరు.

బిడ్డ సంగతి ఒకటైతే, నాకు అంతకంటె పెద్ద అనుమానం ఇంకొకటుంది. మన సిరోంచ తాలూకా ఉన్నది మహారాష్ట్రల, ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ. పెండ్లి సంబంధాలు చెన్నూరు, మంథని. పెద్ద రోగమొస్తే వరంగల్. అన్నిటికీ నది దాటుతం, స్కాలర్‌షిప్ ఒక్కటే ఒడ్డున ఆగుతది. మా పిల్లలు తెలంగాణల చదువుకుంటే ఆ ఫీజు మహారాష్ట్ర కట్టాలని మనం అడుగుడు తప్పా? ఎవలేమంటరు?

మంచిర్యాల మామ:
ఇంత ఆలోచన దేనికి తమ్మీ? ప్రాణహిత మీద వంతెన పడ్డంక మంచిర్యాల మీకు పక్కూరే. మీ జిల్లా కేంద్రం గడ్చిరోలి పోవాలంటే రెండు వందల కిలోమీటర్ల పైన, అందుల ఆలపల్లి దాకా ఆ రోడ్డు వానకాలంల ఎట్లుంటదో నాకంటె నీకే ఎరుక. ఇక్కడ ఫీజు రీయింబర్స్‌మెంట్ వైఎస్ కాలం నుంచి నడుస్తున్నది. కంప్యూటర్ సీటు దొరుకుతది. రేపు నౌకరీ హైదరాబాద్‌లనే గదా. తోలియ్యి.

స్కాలర్‌షిప్ సెక్షన్ (రిటైర్డ్):
మామ గారూ, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్న మాట నిజమే, ఈ అమ్మాయికి మాత్రం లేదు. ఈపాస్‌లో (తెలంగాణ స్కాలర్‌షిప్ పోర్టల్) మొదట అడిగేదే స్థానికత. ఆమె చదువంతా మహారాష్ట్రలో అయింది, ఆధారం చూపలేదు. కన్వీనర్ సీట్లలో 85 శాతం స్థానికులవే. మిగిలిన 15 శాతానికి ఒకప్పుడు ఆంధ్ర పిల్లలూ పోటీ పడేవారు, 2025-26 నుంచి అదీ తెలంగాణతో ఏదో ఒక సంబంధం చూపించగలిగిన వాళ్ళకే పరిమితమైంది. ఇక మిగిలింది మేనేజ్‌మెంట్ సీటు. దానికి రీయింబర్స్‌మెంట్ ఎవరికీ రాదు.

ఒకవేళ స్థానికురాలే అనుకుందాం. తెలంగాణలో బీసీలకు ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. నాలుగు లక్షల దగ్గర ఉన్న తండ్రి అక్కడే ఆగిపోతాడు. దాటినా, పదివేల లోపు ర్యాంకు లేని బీసీ పిల్లలకు ఇంజినీరింగ్‌లో 35 వేల దాకానే ఇస్తారు.

ఇప్పుడు మహారాష్ట్ర వైపు చూడండి. 2024-25 నుంచి కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉన్న ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, ఎస్ఈబీసీ (మరాఠాల కోటా) ఆడపిల్లలకు వృత్తి విద్యా కోర్సుల్లో ట్యూషన్ ఫీజు, పరీక్ష ఫీజు నూటికి నూరూ ప్రభుత్వమే కడుతుంది. అంతకుముందు సగమే. క్యాప్ ద్వారా వచ్చిన సీటై ఉండాలి, మేనేజ్‌మెంట్ కోటాలో చేరినా, డీమ్డ్ యూనివర్సిటీకి పోయినా వర్తించదు. మీ అమ్మాయిది క్యాప్ సీటు. కొడుకైతే సగమే వచ్చేది, అప్పుడు ఈ లెక్క కొంచెం వేరుగా వేసుకోవాల్సి వచ్చేది.

నాగపూర్ థర్డ్ ఇయర్:
నేనూ సిరోంచ తాలూకా అమ్మాయినే, ఇక్కడ ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో చదువుతున్నా. సార్ చెప్పింది కాగితం మీద నిజం. కాలేజీ పేరు చెప్పను కానీ, అడ్మిషన్ రోజు మా నాన్నతో కౌంటర్‌లో ఏమన్నారంటే, "ముందు మొత్తం కట్టండి, మహాడీబీటీలో పడ్డాక వాపసు ఇస్తాం." మహాడీబీటీ అంటే ఇక్కడి స్కాలర్‌షిప్ పోర్టల్. నాన్న పత్తి అమ్మిన డబ్బులు తెచ్చాడు, సరిపోలేదు. మా సీనియర్ ఒకామె ఈ ఫీజు మాఫీ జీఆర్ (ప్రభుత్వ ఉత్తర్వు) కాపీ ప్రింట్ తీసిస్తే దాన్ని కౌంటర్ మీద పెట్టి వాదించాం. అప్పుడు ట్యూషన్ వదిలేసి డెవలప్‌మెంట్ ఫీజు, మిగతావి కట్టించుకున్నారు. ఆ డెవలప్‌మెంట్ ఫీజు ఈ పథకంలో లేదు, అది మన జేబులోంచే.

తర్వాత అసలు ఖర్చు మొదలవుతుంది అంకుల్. గది, మెస్సు, సెమిస్టర్‌కు పుస్తకాలు, ఇంటికి రానూపోనూ బస్సు. నాలుగేళ్ళలో ఇది ట్యూషన్‌ను మించిపోతుంది. అందుకే నదికి ఏ వైపు అని కాకుండా, హాస్టల్ ఎక్కడ దొరుకుతుందో అది చూడండి.

మంచిర్యాల మామ:
అదే నేననేది! మా ఇంట్ల ఉంటది, గది కిరాయి లేదు, మెస్సు లేదు. మేనత్త ఇల్లు.

నాగపూర్ థర్డ్ ఇయర్:
మామయ్యా, ఏమనుకోకండి. మేనత్త ఇంట్లో నాలుగేళ్ళు ఉండడం ఎలా ఉంటుందో ఆడపిల్లను అడగాలి, వాళ్ళ నాన్నను కాదు.

అంకీసా టీచర్:
గట్టు అన్నా, నీ రెండో ప్రశ్నకు నేను గట్టిగా అడ్డం చెప్త. పైసలు పిల్లల వెంట నది దాటితే కాలేజీలు ఎన్నడూ ఇటు రావు. చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాలు నాగపూర్ యూనివర్సిటీ కింద ఎన్నేండ్లు నలిగినయి? కొట్లాడంగ కొట్లాడంగ 2011ల గోండ్వానా యూనివర్సిటీ వచ్చింది. మన దగ్గరి పిల్లలు లేకుంటే దానికి లెక్క ఎక్కడిది? నది అవతల చదివే పిల్లల ఫీజు మహారాష్ట్ర కట్టుడు మొదలుపెడితే, సిరోంచల సైన్స్ లెక్చరర్ పోస్టు ఖాళీ ఉందని అడిగే నోరు కూడ మనకుండది. "మీ పిల్లలు వరంగల్ పోతున్నరు గదా" అంటరు.

ఇంకొకటి. తెలంగాణ పద్ధతినే చూడు. 2025 నవంబర్ మొదట్ల బకాయిలు ఇయ్యలేదని అక్కడి ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టినయి. సర్కారు కట్టనందుకు సర్టిఫికెట్ ఆగేది పోరగానిది. సొంత రాష్ట్రంలనే గట్లుంటే, పక్క రాష్ట్రం సర్కారు పైసల కోసం ఆ కాలేజీ మన పిల్లను ఎన్ని నెలలు నిలబెడతదో ఊహించు.

ప్రాణహిత గట్టు:
టీచర్ సాబ్, కాలేజీ వచ్చేదాక మా పిల్లలు ముసలోళ్ళు కావాల్నా? పైసలు నది దాటవని అంటున్నవు, ఎస్సీ ఎస్టీ పిల్లలకు ఇప్పటికే దాటుతున్నయి గదా. కేంద్రం పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ రూల్ల ఉన్నదే అది: పిల్లలు ఏ రాష్ట్రంల చదివినా సొంత రాష్ట్రమే ఇయ్యాలె. దానితోటి గోండ్వానా యూనివర్సిటీ మూతపడిందా? వాళ్ళకు చెల్లేది మాకెందుకు చెల్లదు?

స్కాలర్‌షిప్ సెక్షన్ (రిటైర్డ్):
నియమం మీరన్నట్టే ఉంది. కానీ అందులో కేంద్రం వాటా పెద్దది. ఎస్సీల పథకంలో 2020-21 నుంచి నూటికి అరవై కేంద్రానిది, నలభై రాష్ట్రానిది. ఆదాయ పరిమితి రెండున్నర లక్షలు. ఆడపిల్లల ఫీజు మాఫీ మహారాష్ట్ర సొంత ఖజానా నుంచి పోతుంది, కాబట్టి ఎక్కడ ఖర్చు పెట్టాలో షరతు పెట్టుకునే హక్కు దానికుంది. మీ వాదన న్యాయమైనదే, అడగాల్సింది మాత్రం ఢిల్లీని.

ఆసరెల్లి రైతు:
మీరంతా సర్టిఫికెట్ ఉన్నోళ్ళు మాట్లాడుతున్నరు. మా తాత మహదేవ్‌పూర్ నుంచి వచ్చి ఇక్కడ భూమి కౌలుకు పట్టిండు. ఓబీసీ కాస్ట్ సర్టిఫికెట్ కావాలంటే 1967 అక్టోబర్ 13 కంటె ముందు నుంచి మహారాష్ట్రల ఉన్నట్టు కాగితం తెమ్మంటున్నరు. తాత బడికి పోలే, భూమి ఆయన పేర లేదు. నదికి అటుపక్క మా కులపోళ్ళు బీసీలు, ఇటుపక్క మేం ఓపెన్. సర్టిఫికెట్ల అర్జీలు తీసుకునే సేతు కేంద్రంల కూసున్న పిలగాడు ప్రతిసారి అదే తారీఖు చూపిస్తడు. మాకు అటూ లేదు, ఇటూ లేదు.

స్కాలర్‌షిప్ సెక్షన్ (రిటైర్డ్):
ఇది మీ ఒక్కరి బాధ కాదు. ఎస్సీలకైతే ఆ తేదీ 1950 ఆగస్టు 10, ఎస్టీలకు 1950 సెప్టెంబర్ 6. అవతలి నుంచి సర్టిఫికెట్ తెచ్చుకున్నా ఇక్కడ రిజర్వేషన్‌కు పనికిరాదు. తెనాలి నుంచి బొంబాయికి వచ్చిన ఒక కుర్రాడి కేసులో 1990లోనే సుప్రీంకోర్టు ఆ మాట తేల్చేసింది. మీరు చేయగలిగిందల్లా తాత తరంలో తండ్రి వైపు చుట్టం ఎవరైనా, తాత తమ్ముడైనా సరే, ఇక్కడి బడిలో చేరిన దాఖలా ఉందేమో వెతకడం. పాత జిల్లా పరిషత్ బళ్ళలో దాఖల్‌ఖారిజ్ (పిల్లలు చేరింది, మానింది రాసే) రిజిస్టర్లు ఉంటాయి. హెడ్‌మాస్టర్ సంతకంతో నకలు తీసుకోండి. తహసీల్‌లో పాత భూమి నకళ్ళలో కౌలుదారు పేరు రాసి ఉన్నా ఉపయోగం.

అంకీసా టీచర్:
ఆసరెల్లి అన్నా, మా బడి రిజిస్టర్లు నేను చూపిస్త, ఆదివారం రా. చెదలు పట్టినయి కొన్ని, అయినా పేర్లు చదవొస్తయి.

కెరమెరి వాసి:
మా దిక్కు కథ ఉల్టా. తెలంగాణ, మహారాష్ట్ర రెండూ మావే అనే 14 ఊర్లలో మాది ఒకటి, జివతి తాలూకా పక్కన. రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు, ఊర్లో రెండు సర్కార్ల బళ్ళు. బయటోళ్ళు మాకు రెండు స్కాలర్‌షిప్పులు వస్తాయనుకుంటరు. ఆధార్ ఒకటే కదా సారూ! ఒక పోర్టల్‌లో ఎక్కినంక రెండోది ఎక్కడిది? పిల్లగాడు ఏ బడిలో చేరిండో దాన్ని బట్టి ఏడేండ్ల వయసులోనే వాని కాలేజీ సాయం ఏ రాష్ట్రానిదో ఖాయమైపోతది. తెలంగాణ బడిలో వేస్తే బియ్యం దొరికినంత తేలికగా ఫీజూ దొరుకుతదనుకున్నం మేం.

నాగపూర్ థర్డ్ ఇయర్:
గట్టు అంకుల్, చెప్పడం మరిచా. ప్రభుత్వ హాస్టల్‌లో సీటు దొరకని ఓబీసీ పిల్లలకు సావిత్రిబాయి ఫూలే ఆధార్ యోజన అని ఉంది. ఊరిని బట్టి ఏడాదికి 38 వేల నుంచి 60 వేల దాకా ఇస్తారు. జిల్లాకు 600 మందికే, అందుకని నోటిఫికేషన్ పడ్డ వారంలోనే వేసేయండి. ఎస్సీ పిల్లలకు ఇలాంటిదే స్వాధార్, ఎస్టీలకు స్వయం. మొదట హాస్టల్‌కు అప్లై చేసి ఉండాలి, ఆ రసీదు పారేయకండి. నాతో పాటు చేరిన ఇద్దరు రసీదు లేక ఆగిపోయారు.

ప్రాణహిత గట్టు:
సరే బిడ్డా. చంద్రపూర్ సీటే ఒప్పుకుంటున్నం, ఎలక్ట్రికల్ అయినా పర్వాలేదంటున్నది మా అమ్మాయి. ఎల్లుండి రిపోర్టింగ్. హాస్టల్ ఫారం అదే రోజు వేస్త. టీచర్ సాబ్‌తో మాత్రం నా పంచాయితి తెగలేదు, సిరోంచల ఇంజినీరింగ్ కాలేజీ వచ్చిన నాడు ఒప్పుకుంట.

అంకీసా టీచర్:
ముందు బీఎస్సీకి లెక్చరర్లను అడుగుదాం పా. దరఖాస్తు నేను రాస్త, సంతకాలు నువ్వు తే.

మంచిర్యాల మామ:
ఇంతమంది కలిసి నా మేనకోడల్ని చంద్రపూర్ తోలిన్రు. నాలుగేండ్లయినంక నౌకరీకి ఏ ఊరికి వస్తదో చూస్త నేను కూడ.