“తొల్లి” అంటే ఎంత పాత కాలం?

ప్రశ్న: పద్యాల్లో “తొల్లి” అని వచ్చినప్పుడల్లా ప్రాచీన కాలమనే అర్థం చెప్పుకోవాలా? ఈ మాటను నేటి వచనంలో వాడవచ్చా? దయచేసి తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1: “తొల్లి” అంటే పూర్వం, మునుపు అని అర్థమండి. అది యుగాల కిందటి కథకూ చెల్లుతుంది, ఒక మనిషి జీవితంలో గడిచిన కాలానికీ చెల్లుతుంది కనుక ఎంత వెనుకటిదో సందర్భమే నిర్ణయిస్తుంది. “తొల్లిటి జన్మము” అన్నప్పుడు ప్రాచీన జన్మ అని కాక, గత జన్మ అనే చెప్పుకోవాలి.

సమాధానం 2: తొలి, తొలుత, తొలకరి అన్నవి దీనికి చుట్టాలే. తమిళంలో “తొల్” అంటే ప్రాచీనమైన అని అర్థం. తొల్కాప్పియం అన్న వ్యాకరణ గ్రంథం పేరులోనూ, పురావస్తు శాస్త్రానికి వారు వాడే “తొల్లియల్” లోనూ ఉన్నది అదే. ఇంత పాత బంధుత్వమున్న మాటను మనం పద్యాలకే వదిలేయడం నాకు బాధగా ఉంది.

సమాధానం 3: ఇక వాడుక సంగతి. పిల్లల కథను “పూర్వం ఒక రాజు ఉండేవాడు” అని మొదలుపెట్టడమే సహజం. అక్కడ “తొల్లి” అతకదు. “ప్రాచీన” విశేషణం కాబట్టి దాని పక్కన కాలమో, గ్రంథమో ఉండాలి. చారిత్రక నవలలో పాత్రల సంభాషణకు మాత్రం “తొల్లి” చక్కగా ఒదుగుతుంది, నిస్సంకోచంగా వాడండి.