ల్యూట్ పట్టుకుంటే చిటికెన వేలు ఊరుకోవడం లేదు

వీణమ్మ_సత్యనారాయణపురం:
బెజవాడలో ముప్ఫై ఏళ్లుగా పిల్లలకు వీణ చెబుతున్నాను. మా అక్క కొడుకు లండన్ నుంచి వచ్చేస్తూ, తను వాయించడం మానేసిన ల్యూట్ (యూరప్‌లో పాతకాలం నుంచి ఉన్న తంతి వాయిద్యం) తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "పిన్నీ, ఇది నీ దగ్గరుంటేనే మోగుతుంది" అన్నాడు. ఎనిమిది కోర్సులది, అంటే కలిపి మీటే తంతి వరసలు ఎనిమిది. మొదటిది ఒంటి తంతి, మిగతావన్నీ జంటలు, వెరసి పదిహేను. నిలువుగా కోసిన బొప్పాయి లాంటి డొప్ప, వెనక్కి విరిచినట్టున్న తల. ఎత్తితే గాలిబుడగలా ఉంది, ఎక్కడ పగులుతుందోనని టెన్షన్.

అసలు గొడవ నా చిటికెన వేలిది. వీణ మీద దాని పని తాళపు తంతులు పైకి మీటడం. ఇక్కడేమో పలక మీద ఆనించి కదలకుండా ఉంచాలట! నాలుగక్షరాలు అయ్యేసరికి నా వేలు దానంతటదే లేచి గాలిని మీటుతోంది. పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

ఇంకో రెండు. మెట్టు మీద తంతి లాగి గమకం పలికిద్దామంటే జంటలో ఒకటి ముందు, ఒకటి వెనక కదిలి అపస్వరం వస్తోంది. పై తంతి ఇప్పటికి మూడు తెగాయి. పుస్తకంలో పై తంతికి జి స్వరం అని ఉంది కదా అని ట్యూనర్ పెట్టుకుని ఎక్కించాను, మూడోది బుగ్గ మీద కొట్టింది. అసలు దీని మీద ఏం వాయించాలి? నవరాగమాలిక వర్ణం మొదలుపెట్టాను, నాకే జాలేసింది.

గిటార్_బెంజ్‌సర్కిల్:
మేడమ్, గిటార్‌లాగే అనుకోండి. గిటార్ మూడో తీగ అర స్వరం దించితే మీ మొదటి ఆరు కోర్సుల శ్రుతి వరసే వస్తుంది. గోళ్లు పెంచితే సౌండ్ బాగా వస్తుంది.

బ్రాడీపేట_తంతి:
మూడో తీగ మాట నిజమే. గోళ్ల మాట మాత్రం వినకండి. జంట తంతుల మీద గోరు పడితే చాలాసార్లు ఒకటే మోగుతుంది, రెండోది గరగర అంటుంది. గోళ్లతో వాయించినవాళ్లు అప్పట్లోనూ ఉన్నారు, ఇటలీలో పిచ్చినీని 1623లో అచ్చేసిన పుస్తకంలో వాటినే సమర్థించాడు. మీరు మాత్రం వేలి కండతో రెండు తంతుల్నీ కలిపి నొక్కి వదలండి.

నేను జర్మనీలో ఉద్యోగం చేసినప్పుడు నాలుగేళ్లు నేర్చుకున్నాను, ఇప్పుడు గుంటూరులో ఉంటున్నాను. మొదట తగులుకునేది అందరికీ కుడి చెయ్యే. పదిహేనో శతాబ్దం చివరి దాకా ల్యూట్‌ను ఎక్కువగా ఈక పట్టుకుని మీటేవారు. కిందికి బరువు దెబ్బ, పైకి తేలిక దెబ్బ. తర్వాత రెండు మూడు స్వరాల వరసలు ఒకేసారి పలికించాలనుకునేసరికి ఈక చాల్లేదు, వేళ్లొచ్చాయి. కానీ ఆ బరువు, తేలిక పోలేదు. బొటనవేలు కిందికి, చూపుడువేలు పైకి. ముంజేయి తంతులతో పాటే దాదాపు సమాంతరంగా వస్తే బొటనవేలు అరచేతి లోపలికి, మిగతా వేళ్ల కిందికి వెళుతుంది. తకధిమి అనుకోండి: త బొటనవేలు, క చూపుడువేలు, ధి బొటనవేలు, మి చూపుడువేలు. వీణలో మనం చూపుడువేలు, మధ్యవేలు రెండింటినీ సమానంగా పలికించడానికి ఏళ్లు సాధన చేస్తాం. ఇక్కడ సమానంగా రాకపోవడమే అందం. ల్యూట్ పాటల రాతలో మెట్టును చెప్పే అక్షరం కింద చుక్క కనిపిస్తే చూపుడువేలు అని అర్థం. 1600 ప్రాంతంలో బాస్ తంతులు పెరిగాక బొటనవేలిని బయటికి చాపడం మొదలైంది. మీరు ముందు లోపలి పద్ధతే పట్టండి.

చిటికెన వేలికి ఒక చిట్కా. దాని మొన కింద చిన్న కాగితం ముక్క పెట్టి, జారిపోకుండా వాయించండి. గట్టిగా నొక్కొద్దు.

గమకం మర్చిపోండి. వీణ మెట్లకి ఉన్నంత ఎత్తు లేదు, తంతి లాగే చోటే లేదు.

తంతి తెగడం మీ తప్పు కాదు. గుర్రం నుంచి మెడ చివర, తల దగ్గర తంతులు ఆనే పట్టీ దాకా టేపు పెట్టి కొలవండి. 60 సెంటీమీటర్లు దాటితే ఇప్పటి ప్రామాణిక శ్రుతిలో (ఎ స్వరం 440 హెర్ట్జ్) జి ఎక్కించడం కష్టం. పాత బోధినుల్లో మొదటి తంతిని తెగనంత ఎత్తుకు బిగించి, మిగతావాటిని దానికి కలపమనే రాశారు. గాత్రానికి తగ్గట్టు ఆధార షడ్జం పెట్టుకున్నట్టే.

ఇక పాటలు. ఫ్రెంచి పద్ధతి రాత తేలిక. ఆరు గీతలు ఆరు కోర్సులు, ఎ అంటే ఖాళీ తంతి, బి మొదటి మెట్టు, పైన జెండాలు కాలం చెబుతాయి. ఇటాలియన్‌లో అంకెలుంటాయి, గీతలు తలకిందులు. వెనిస్‌లో పెట్రుచ్చి 1507లో అచ్చేసిన స్పినచ్చీనో పుస్తకాలు అవే. చిన్న ఇంగ్లీషు నాట్యపు ముక్కలతో మొదలుపెట్టి, తర్వాత ఫ్రాన్సెస్కో ద మిలానో రిచెర్కార్‌లకు వెళ్లండి. తాళం కట్టని ఆలాపనలా మొదలై, ఒక స్వరం అన్నదాన్ని ఇంకో స్వరం అందుకుంటుంది. ఇంగ్లీషు ల్యూట్ విద్వాంసుడు డౌలాండ్ కట్టిన ‘లాక్రిమే’ ఇప్పుడే వద్దు. ఊరికే విని చూడండి. మొదలే స ని ద ప దిగుతుంది, మీ చెవికి నఠభైరవి తగలకపోతే అడగండి.

నూజివీడు_బిరడా:
మా ఇంట్లో వీణలు చేస్తారు. బిరడా జారితే సుత్తితో కొట్టకండమ్మా, ఆ తల పల్చటిది. బయటికి తీసి కాస్త పొడి సబ్బు, పైన చాక్‌పీస్ పొడి రాసి, లోపలికి నొక్కుతూ తిప్పండి. ఎండాకాలం ఏసీ గదిలోంచి వరండాలోకి తేవద్దు.

వీణమ్మ_సత్యనారాయణపురం:
కొలిచాను, 66! ఎఫ్‌కి దించాను. ఆదివారం నుంచి తెగలేదు. శుభలేఖ మూల చింపి వేలి కింద పెట్టాను. మొదటిరోజు రెండో ఆవృతానికే ఎగిరిపోయింది, నిన్న ఆరు దాకా ఉంది. స ని ద ప వినగానే గుర్తుపట్టాను బాబూ, రాత్రంతా అదే చెవుల్లో. ఒక్క సందేహం. ఆరో జంటలో ఒక తంతి లావు, ఒకటి సన్నం. మావాడు పొరపాటున వేశాడా? తీసి మార్చనా?

బ్రాడీపేట_తంతి:
తీయకండి మేడమ్! కావాలనే వేస్తారు. సన్నది ఒక స్థాయి పైన ఉంటుంది. పాతకాలం పేగు తంతుల్లో లావుది మొద్దుగా పలికేది, పక్కన సన్నది మోగితేనే దాని స్వరం తెలిసేది. శ్రుతి చేసేటప్పుడు ముందు లావుది కలిపి, తర్వాత సన్నదాన్ని దానికి కలపండి.