సెనేటర్, లెఫ్టినెంట్ గవర్నర్: ఈ రెంటికీ తెలుగేది?

2025 నవంబరులో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్‌గా గజాలా హాష్మీ గెలిచారన్న వార్త చదివి మా నాన్నగారు పత్రిక పక్కన పెట్టి అడిగారు: "లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నిక కావడం ఏమిటమ్మా? వాళ్లను రాష్ట్రపతి కదా నియమిస్తారు?" ఢిల్లీ, పుదుచ్చేరి వార్తలు చదివేవారికి రావలసిన సందేహమే. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

ఆవిడ పుట్టింది హైదరాబాదులో. నాలుగేళ్ల వయసులో కుటుంబంతో అమెరికాలోని జార్జియా రాష్ట్రానికి వెళ్లారు. అమెరికన్ సాహిత్యంలో డాక్టరేటు చేసి, వర్జీనియాలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. 2019లో తొలిసారి పోటీ చేసి, అప్పటి రిపబ్లికన్ సభ్యుణ్ణి ఓడించి వర్జీనియా సెనేటుకు వెళ్లారు. ఆ ఎన్నికల్లోనే డెమోక్రాట్లకు 21–19తో ఆధిక్యం వచ్చింది. 2023లో మళ్లీ గెలిచి, విద్య, ఆరోగ్య కమిటీకి అధ్యక్షురాలయ్యారు.

ఇన్నేళ్లూ మన పత్రికలు ఆవిడను "సెనేటర్" అని మాత్రమే రాశాయి. చదివినవాళ్లు వాషింగ్టన్‌లో ఉన్నారనుకున్నారు. అక్కడి సెనేటులో రాష్ట్రానికి ఇద్దరు చొప్పున 100 మంది. ఆవిడ అప్పట్లో ఉన్నది వర్జీనియా రాజధాని రిచ్మండ్‌లో, 40 మంది ఉండే రాష్ట్ర సెనేటులో. తెలంగాణ శాసన మండలిలోనూ 40 మందే కాబట్టి "మండలి సభ్యురాలు" అంటే సరిపోతుందని నా ప్రతిపాదన. ఏమంటారు?

జవాబు: సంఖ్య కలిసింది గానీ మనిషి కలవలేదండి. మన మండలికి శాసనసభ్యులు, స్థానిక సంస్థలవారు, పట్టభద్రులు, ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు, కొందరిని గవర్నరు నామినేట్ చేస్తారు. వర్జీనియా సెనేటర్‌కు నియోజకవర్గంలోని ఓటర్లందరూ నేరుగా ఓటు వేస్తారు. ఆ లెక్కన ఆవిడ మన ఎమ్మెల్యేకే దగ్గర. "మండలి సభ్యురాలు" అంటే దొడ్డిదారిన వచ్చారని అనుకునేవాళ్లూ ఉంటారు. (ఎమ్మెల్సీలు క్షమించాలి.)

జవాబు: "పెద్దల సభ" అనే మాట చేతిలో ఉండగా వెతుకులాట ఎందుకు? లాటిన్‌లో సెనెక్స్ అంటే ముసలివాడు, సెనేటు అంటే పెద్దల సభే. ఇంత చక్కగా కుదిరే అనువాదం అరుదు.

పై జవాబుకు: మాటకు కుదిరింది, సభకు కుదరలేదు. మన మండలికి కనీసం 30 ఏళ్లు ఉండాలి, శాసనసభకు 25 చాలు. అందుకే పెద్దలు అంటున్నాం. వర్జీనియాలో రెండు సభలకూ 21 ఏళ్లే. ఇరవై ఒక్కేళ్ల పెద్దమనిషిని చూసి నవ్వుకోవాలి! "రాష్ట్ర సెనేటర్" అని ఆ ఒక్క మాట ముందు చేర్చితే గొడవ ఉండదు.

నా మాట: సరే, మండలిని వెనక్కు తీసుకుంటున్నాను. అయితే మొదటి ప్రశ్న అలాగే ఉంది. వర్జీనియాలో లెఫ్టినెంట్ గవర్నర్‌ను గవర్నర్‌తో జతగా కాక, విడిగా ఎన్నుకుంటారు. ఆవిడ సెనేటుకు అధ్యక్షత వహిస్తారు, ఓట్లు సమానమైనప్పుడు తన ఓటు వేస్తారు. "ఉప గవర్నర్" అందామా?

జవాబు: అందులో ఇంకో చిక్కు. అమెరికా గవర్నర్ చేసేది మన ముఖ్యమంత్రి పని. "ఉప గవర్నర్" అనగానే ఉప ముఖ్యమంత్రిని ఊహించుకుని, ఏ శాఖ ఇచ్చారని అడుగుతారు.

నా మాట: పదం దొరకలేదు గానీ పోలిక దొరికింది. రాజ్యసభలో మన ఉపరాష్ట్రపతి చేసే పనే ఆవిడ అక్కడి సెనేటులో చేస్తారని నాన్నగారికి చెప్పాను. "అలా రాయవచ్చు కదా పత్రికవాళ్లు!" అన్నారు. శీర్షికలో పట్టదని చెబితే ఒప్పుకోలేదు.