ఏసీ 20 కిందికి దిగకూడదట! కరెంటు పొదుపు భారం ఎవరి మీద?

మియాపూర్_2బీహెచ్‌కే
2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ మంత్రి మనోహర్ లాల్ ఖట్టర్ ఒక మాటన్నారు, గుర్తుందా? ఏసీలు ఇకపై 20 నుంచి 28 డిగ్రీల మధ్యే తిరిగేలా చేస్తామని. కొత్త ఏసీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలన్న రూలు 2020 జనవరి నుంచే ఉంది. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకాయన మళ్లీ అదే తవ్వి తీశాడు. "దేశం కోసం 26లో పెట్టుకోండి" అని పొద్దున్నే మెసేజ్.

ఎండాకాలం నా బిల్లు 400 యూనిట్లు దాటుతుంది. దాటిన ప్రతి యూనిట్‌కీ తొమ్మిదిన్నర రూపాయలు కడుతున్నాను. ఒక్క నెల కూడా బాకీ పెట్టలేదు. ఇంత కట్టేవాడు 18లో పెట్టుకుంటే దేశద్రోహమా? నేను రెండు డిగ్రీలు పెంచితే దేశానికి ఒరిగేదేంటో ఎవరైనా లెక్కతో చెప్పండి. నీతులు వద్దు.

గుంటూరు_మిర్చి
18లో పెట్టి దుప్పటి కప్పుకునే బ్యాచ్ వచ్చేసింది 😀

రిటైర్డ్_ఫీడర్
బాబూ, లెక్క అడిగావు కాబట్టి చెబుతాను. నా ఉద్యోగమంతా సబ్‌స్టేషన్లలోనే గడిచింది.

కరెంటు బియ్యంలా గోదాములో పోసి పెట్టుకునేది కాదు. ఏ క్షణానికి ఎంత వాడకం ఉందో ఆ క్షణానికి అంత ఉత్పత్తి ఉండాలి. లేకపోతే 50 హెర్ట్జ్ దగ్గర నిలబడాల్సిన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ పడిపోతుంది. 2024 మే 30న దేశం మొత్తం డిమాండ్ 250 గిగావాట్లు, అంటే రెండున్నర లక్షల మెగావాట్లు తాకింది. అది పగటిపూట, సోలార్ ఉంది కాబట్టి గట్టెక్కాం. చిక్కంతా పొద్దుగూకాకే. సోలార్ సున్నాకి దిగుతుంది, సరిగ్గా అప్పుడే ఇళ్లల్లో ఏసీలు మొదలవుతాయి. బొగ్గు ప్లాంట్లు స్విచ్ వేసినట్టు లేవవు. జలవిద్యుత్ లేస్తుంది కానీ రిజర్వాయర్‌లో నీళ్లుండాలి. మిగిలింది కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజీలో కొనడం. 2022 వేసవిలో అక్కడ రేటు ఎంత పెరిగిందంటే, కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి జోక్యం చేసుకుని యూనిట్ 12 రూపాయలకు మించకూడదని పరిమితి పెట్టాల్సి వచ్చింది.

ఒక డిగ్రీ పెంచితే ఏసీ వాడకం ఆరు శాతం దాకా తగ్గుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ అంచనా. నీ ఒక్కడిది చిన్నదే. కాదనను. కానీ 2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పమన్నప్పుడు ఏమైంది? పన్నెండు, పద్నాలుగు వేల మెగావాట్లు తగ్గుతుందనుకున్నారు. 31 వేలు తగ్గింది. గ్రిడ్ పడిపోకుండా హైడ్రో యూనిట్లు దించీ ఎత్తీ కాపాడారు. ఒక్కో ఇల్లూ ఆర్పింది చిన్నదే.

మియాపూర్_2బీహెచ్‌కే
అంటే లైట్లతోనే అంత తగ్గిందని మీరే అంటున్నారు. మరి నా ఏసీ మీద పడతారేం?

లెక్కలమాష్టారు
ఏసీ సంగతి తర్వాత. సెట్‌టాప్ బాక్సుల గురించి ఎవరూ మాట్లాడరేం? రిమోట్‌తో ఆపితే ఆగినట్టు కాదు. మా ఇంట్లో మీటరు పెట్టి చూశాను, ఎర్రలైటు వెలిగే స్థితిలో కూడా పది వాట్లు తాగుతోంది. రోజుకి ఐదు గంటలు చూస్తే మిగతా 19 గంటలకు 190 వాట్ అవర్లు. నెలకి 5.7 యూనిట్లు ఊరికే పోతున్నాయి. కోట్ల ఇళ్లకి హెచ్చవేసి చూడండి!

గుంటూరు_మిర్చి
మాష్టారూ, గోడ దగ్గర స్విచ్ ఆపేస్తే మళ్లీ ఆన్ అయ్యేసరికి సీరియల్ సగం అయిపోతుంది. మా అమ్మకి మీరు చెబుతారా?

లెక్కలమాష్టారు
సీరియల్‌కి ఐదు నిమిషాల ముందు వేసుకోవాలి. క్రమశిక్షణ అంటే అదే.

టెక్సాస్_తెలుగు
2021 ఫిబ్రవరిలో మంచు తుఫానుకి ఇక్కడ మా రాష్ట్ర గ్రిడ్ కుప్పకూలినంత పనైంది. రోజుల తరబడి కరెంటు లేదు. డబ్బున్నా కొనుక్కోవడానికి పక్క రాష్ట్రాలతో సరైన లింకు లేదు. ఇండియాలో ఒకే గ్రిడ్ ఉండటం అదృష్టం అనుకోండి.

రిటైర్డ్_ఫీడర్
నిజమే. అయితే రెండు వైపులా పదునే. 2012 జులైలో ఉత్తరాది మొత్తం చీకటైతే దక్షిణాదికి ఏమీ కాలేదు. అప్పటికి మనం ఆ గ్రిడ్‌తో కలవలేదు మరి. 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ లైనుతో కలిశాం. ఇప్పుడు ఎక్కడ లోటొచ్చినా అందరం భరించాలి.

వంటిల్లు
మగవాళ్లంతా గిగావాట్లు మాట్లాడుతున్నారు. మా ఇంటి సంగతి వినండి. మాకు గృహజ్యోతి ఉంది. 200 యూనిట్ల లోపు బిల్లు సున్నా. 201 అయితే మొత్తానికీ కట్టాలి. మొదటి 200కి 5.10 చొప్పున, ఆ పైన ఒక్కదానికి 7.70. ఫిక్స్‌డ్ చార్జీలు కలపకుండానే వెయ్యి దాటుతుంది. అందుకని ఇరవయ్యో తారీఖు దాటాక మావారు రోజూ మెట్ల కింద మీటరు దగ్గరే. "గ్రైండర్ వేశావా? ఇస్త్రీ చేశావా?" గ్రైండర్ ఆగితే పప్పు చేత్తో రుబ్బేది ఎవరు? హాల్లో ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. వంటింట్లో అసలు ఫ్యానే పెట్టించలేదు. పొదుపు అనగానే ఇంట్లో ఎవరికి చెమట పడుతుందో కూడా లెక్కలో రాయండి.

లెక్కలమాష్టారు
అమ్మా, ఫ్యాన్ పెట్టించుకోండి, కానీ తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ రకం తీసుకోండి. పాత ఫ్యాన్ 75 వాట్లు, ఇది 30 చుట్టుపక్కల. రోజుకి 15 గంటలు తిరిగితే నెలకి ఇరవై యూనిట్లు మిగులుతాయి. సెట్‌టాప్ బాక్సు కూడా...

వంటిల్లు
బీఎల్‌డీసీ మూడు వేలు మాష్టారూ. మావారు హాల్లో ఫ్యాన్ మార్చి, పాతది వంటింటికి ఇస్తారు. చూస్తూ ఉండండి.

మియాపూర్_2బీహెచ్‌కే
వంటిల్లు గారి బాధ అర్థమైంది. కానీ అసలు ఏనుగుని వదిలేసి ఎలుకల వెంట పడుతున్నాం. తెలంగాణలో 2025 మార్చిలో డిమాండ్ 17 వేల మెగావాట్లు దాటింది. మార్చిలో! ఏసీలు ఇంకా పూర్తిగా మొదలు కూడా కాలేదు. ఎందుకు దాటింది? యాసంగి వరికి బోర్లు. 2018 జనవరి నుంచి 24 గంటలు ఉచితం. మీటరు లేదు. ఎంత వాడారో ఎవరికీ తెలియదు, అంచనా కట్టి రాస్తారు. ప్రభుత్వం ఏటా సబ్సిడీ కింద పది వేల కోట్ల పైచిలుకు ఇస్తోంది. ఇది చాలక మాలాంటి పై స్లాబు వాళ్ల దగ్గర ఎక్కువ పిండుతారు. నేను రెండు డిగ్రీలు పెంచాలా? ముందు అక్కడ మోటార్లు ఆపమనండి.

పాలమూరు_బోరు
అన్నా, మోటారు ఆపుమని సులువుగ అన్నవు. నీకు రాత్రి కరెంటు అంటే ఏందో ఎరుకేనా?

24 గంటలు రాకముందు మాకు రెండు తడవలుగ వస్తుండె. పగలు కొంత, మిగిలింది నడిరాత్రి. అది గూడ చెప్పిన టైముకు రాదు. ఆటో స్టార్టర్ పెడితే త్రీఫేజ్ వచ్చుడుతోనే ఊరందరి మోటార్లు ఒక్కసారి లేసి ట్రాన్స్‌ఫార్మర్ కాలుతది. పెట్టకపోతే లేసి పోవాలె. మా నాయన ఒక చేతిల టార్చి, ఒక చేతిల కట్టె పట్టుకొని పొలం గట్టెంబడి పోతుండె. మోకాలు మంటి బురద. స్టార్టర్ డబ్బా రేకుది, తలుపు ఊడిపోయి ఉంటది, తడి చేత్తోని నొక్కాలె. ఫ్యూజు పోతే లైన్‌మన్ రాడు, మనమే ఏసుకోవాలె. మా పెద్దనాయన అట్లనే ఫ్యూజు ఏయబోయి సచ్చిపోయిండు. పరిహారం కోసం ఆఫీసు చుట్టు తిరిగి తిరిగి మా పెద్దమ్మ యాష్టకొచ్చి ఇడిసిపెట్టింది.

నువ్వు కట్టేది తొమ్మిదిన్నర. మేం ఏం కట్టినమో నీ స్లాబుల లేదు.

మియాపూర్_2బీహెచ్‌కే
మీ పెద్దనాయన పోవడం బాధాకరం. కానీ బాధ చెప్పి లెక్క ఎగ్గొట్టకూడదు. వాడకానికి మీటరు ఉండాలా వద్దా? ఔనో కాదో చెప్పండి చాలు.

గుంటూరు_మిర్చి
మా దగ్గర మీటరున్నవాడి గతి చూడండి. ఎఫ్‌పీపీసీఏ అని, అంటే ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చుల సర్దుబాటని యూనిట్‌కి 40 పైసలు కలిపారు. ఎప్పుడో కొన్న కరెంటుకి ఇప్పుడు సర్దుబాటట!

రిటైర్డ్_ఫీడర్
మిర్చి గారూ, నేను మొదట చెప్పిందానికి తోక అదే. లోటొచ్చినప్పుడు ఎక్స్ఛేంజీలో ఎక్కువ పెట్టి కొంటారు. ఆ ఖర్చు కొన్నాళ్లు ఆగి మీ బిల్లులోకే దిగుతుంది. ఏసీ 18లో పెట్టినవాడూ కడతాడు, ఫ్యాన్ కింద పడుకున్నవాడూ కడతాడు.

పాలమూరు అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు, ఆ స్టార్టర్ డబ్బాలు నేనూ చూశాను. కానీ మా వైపు నుంచి కూడా ఆలోచించండి. ఫ్రీక్వెన్సీ పడిపోతుంటే లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి ఈఎల్‌ఆర్ అని ఫోన్ వస్తుంది. ఎమర్జెన్సీ లోడ్ రిలీఫ్. నిమిషాల్లో ఇన్ని మెగావాట్లు తగ్గించాలి. అప్పుడు ఆలోచించే టైం ఉండదు, లిస్టు ప్రకారం ఫీడర్లు, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు వెళ్లే లైన్లు, తీసేయడమే. ముందు వ్యవసాయ ఫీడర్లు, తర్వాత పల్లెలు, తర్వాత మండల కేంద్రాలు. సిటీ దాకా చాలా అరుదుగా వచ్చేది. ఎవరో ఒకరిది తీయకపోతే మొత్తం పోతుంది.

పాలమూరు_బోరు
ఆగు సార్. గా లిస్టు ఎవలు రాసిండ్రు?

రిటైర్డ్_ఫీడర్
పైనుంచి వచ్చేది బాబూ. ఆసుపత్రులు, నీటి సరఫరా, పరిశ్రమలు ఉన్న ఫీడర్లు తీయకూడదు కదా.

పాలమూరు_బోరు
ఆసుపత్రి తీయొద్దు సరే. బార్ షాపు ఉన్న ఫీడరు? షాపింగ్ మాల్? మా ఊర్ల పిల్లలు పదో తరగతి పరీక్షలకు కిరసనాయిలు దీపం పెట్టుకొని చదివిండ్రు. అప్పుడు పట్నంల హోర్డింగులు వెలుగుతుండె. ఫోన్ వచ్చింది, లిస్టు వచ్చింది అంటున్నవు. స్విచ్ దించింది నువ్వే గద సార్!

రిటైర్డ్_ఫీడర్
అవును, నేనే దించాను. ఆ రోజుకి అది సరైనదే, ఇవాళ ఫోన్ వచ్చినా అదే చేస్తాను. గ్రిడ్ పడిపోతే మీ ఊరికి గంట కాదు, రోజంతా రాదు. స్టేషన్లు మళ్లీ ఎత్తడం ఎంత పనో తెలియక మాట్లాడుతున్నావు.

లెక్కలమాష్టారు
ఇదే నేను చెప్పేది. అందరూ సెట్‌టాప్ బాక్సు ఆపితే ఈఎల్‌ఆర్ అవసరమే ఉండదు.

పాలమూరు_బోరు
నీ డబ్బా పాడుగాను మాష్టారూ, ఒక్క నిమిషం ఊకో!

నిర్వాహకుడు
వ్యక్తిగత దూషణ వద్దు. పార్టీల గొడవ ఇప్పటిదాకా రాలేదు, రానివ్వకండి.

మియాపూర్_2బీహెచ్‌కే
లిస్టులో తప్పేముందో నాకర్థం కాలేదు. సరుకు తక్కువైనప్పుడు డబ్బు కట్టేవాడికి ముందు ఇస్తారు. ఏ కొట్లోనైనా అంతే. మొహమాటం లేకుండా చెబుతున్నాను, రాసి పెట్టుకోండి.

వంటిల్లు
అయితే సున్నా బిల్లు వాళ్లం మేం కూడా చివర్లోనేనా?

మియాపూర్_2బీహెచ్‌కే
మిమ్మల్ని అనలేదండీ.

వంటిల్లు
నన్నే అన్నారు. ఇప్పుడే చదివాను.

పాలమూరు_బోరు
గిదీ అసలు మాట. ఇంతసేపు ఏసీ, డిగ్రీ అని తిప్పినవు. కట్టేటోనికి ముందు. మంచిది. మరి పొద్దుగూకినంక నీ ఏసీకి అక్కరొచ్చేది ఎక్కడిది? సారే చెప్పిండు, జలవిద్యుత్ అని. శ్రీశైలం కట్టినప్పుడు మునిగింది పాలమూరు ఊర్లు, కర్నూలు ఊర్లు. మా అమ్మమ్మ వాళ్ల ఊరు నీళ్ల కిందనే ఉన్నది. మియాపూర్‌ల ఎన్ని ఇండ్లు మునిగినయి? పైసలు కట్టుడొక్కటే కట్టుడు అయితదా?

మియాపూర్_2బీహెచ్‌కే
ప్రతి దానికీ మీరే బాధితులు. నా సంగతి చెప్పనా?

మా నాన్న టైలర్. గుంట భూమి లేదు. చిన్న కొట్టు, రెండు మిషన్లు, మోటారు పెట్టినవి. కమర్షియల్ మీటరు కాబట్టి ఇంటి కన్నా ఎక్కువ రేటు. 2012లో దసరా ముందు, సరిగ్గా గిరాకీ ఉండే రోజుల్లో, పగలంతా కోతలు. రాత్రి కరెంటు వస్తే రాత్రంతా కుట్టేవాడు. కాజాలు అమ్మ చేత్తో కుట్టేది. ఆయన కూడా రాత్రి కరెంటు చూశాడండీ, పొలంలో కాదు, అంతే తేడా. రైతుకి ఉచితం ఇచ్చారు. 2021లో సెలూన్లకి, లాండ్రీలకి నెలకు 250 యూనిట్లు ఉచితమన్నారు. మంచిదే. అందులో టైలర్ లేడు. మాకు ఓట్ల లెక్క కుదరలేదు. చివరికి కొట్టు మూసి రెడీమేడ్ షాపులో ఆల్టరేషన్లకి కుదిరాడు. నాకు ఉద్యోగం వచ్చాక మొదట కొన్నది ఆయన గదికి ఏసీ. దాన్ని 26లో పెట్టమని ఎవడైనా మెసేజ్ పెడితే నాకు మండుతుంది.

గుంటూరు_మిర్చి
ఇది మొదటి పోస్టులోనే రాసుంటే సగం గొడవ తగ్గేది కదా భాయ్.

పాలమూరు_బోరు
మీ నాయనకు ఇయ్యకపోవుడు తప్పే. మా నాయన ఇయ్యొద్దు అనలే. కానీ నీకు రానిది మాకొచ్చింది, ఆపేయండి అంటే ఎట్ల? మీ నాయనకు గూడ ఇయ్యుమని అడుగాలె గద.

మియాపూర్_2బీహెచ్‌కే
అందరికీ ఉచితం అయితే ఎవడు కడతాడు? అందుకే మీటరు అడిగాను. ఇంతవరకు జవాబు లేదు.

రిటైర్డ్_ఫీడర్
మీటరు లేకపోవడం వల్ల రైతు కన్నా కరెంటు పంపిణీ చేసే డిస్కంలకే సుఖం. దొంగ కనెక్షన్లు, లైన్ నష్టాలు అన్నీ వ్యవసాయం పద్దులో వేసేయొచ్చు. ఇంత ఏనుగు అని మీరు చూపించేదాంట్లో నిజంగా బోర్లు తాగింది ఎంతో చెప్పే నాథుడు లేడు. ఆంధ్రలో శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగంగా మీటర్లు పెట్టారు. సబ్సిడీ రైతు ఖాతాలో వేస్తే, రైతు డిస్కంకి కట్టాలని పథకం. ఉచితం ఎక్కడికీ పోదు, లెక్క మాత్రం తేలుతుంది.

పాలమూరు_బోరు
గ్యాస్ సబ్సిడీ గూడ ఖాతాలనే ఏస్తమన్నరు సార్. ముందు పూర్తి ధర కట్టుండ్రి, మిగిలింది పడ్తది అన్నరు. 2020 తర్వాత ఎంత పడ్డదో మీ పాసుబుక్కు తీసి చూసుకోండ్రి. కరెంటుకు గూడ గట్లనే మెల్లగ ఎండబెట్టరని ఎవలు రాసిస్తరు? ముందు నీ ఈఎల్‌ఆర్ లిస్టు బయట పెట్టుమను, ఏ ఫీడరు ఎన్నిసార్లు తీసిండ్రో ఊరూరా గోడ మీద రాయుమను. గప్పుడు మీటరు మాట్లాడుదం.

మియాపూర్_2బీహెచ్‌కే
గ్యాస్ వేరు, కరెంటు వేరు. లిస్టు బయట పెట్టడానికి నాకేం అభ్యంతరం లేదు. మీటరుకి షరతులు పెట్టడానికి మాత్రం ఉంది.

లెక్కలమాష్టారు
గ్యాస్ మాట వచ్చింది కాబట్టి, సిలిండరుకి బదులు ఇండక్షన్ పొయ్యి వాడితే ఎన్ని యూనిట్లవుతాయో లెక్క వేశాను. నలుగురు మనుషుల కుటుంబం అనుకుందాం...

వంటిల్లు
నా 200 ఏమైపోవాలి మాష్టారూ?!

నిర్వాహకుడు
ఇండక్షన్‌కి వేరే థ్రెడ్ తెరవండి.