వైట్‌స్పాట్ స్ట్రిప్‌కి యాంటీబాడీ: 200 పికోమోలార్ అన్న రిపోర్టు నమ్మొచ్చా?

భీమవరం_ల్యాబ్: వనామీ చెరువుల్లో వైట్‌స్పాట్ (రొయ్యల వైరస్ జబ్బు)ని గుర్తించే పరీక్ష స్ట్రిప్ కోసం, ఆ వైరస్ పైపొరలో ఉండే వీపీ28 ప్రోటీన్‌ని పట్టే యాంటీబాడీలు రెండు చూస్తున్నాం. అతుక్కునే, ఊడే వేగాలు కొలిచే ఎస్‌పీఆర్ యంత్రం చిప్పుకి వీపీ28 అంటించి, పైనుంచి ఐజీజీ (పూర్తి యాంటీబాడీ) పారించారు. మొదటిదాని కేడీ (ఊడే వేగాన్ని అతుక్కునే వేగంతో భాగిస్తే వచ్చేది; ఎంత తక్కువైతే పట్టు అంత గట్టి) 200 పికోమోలార్, రెండోదానిది 1 నానోమోలార్, అంటే 1000 పికోమోలార్. మొదటిదే తీసుకోమంటారా?

గోదారి_గట్టు: ఆగండి. ఐజీజీకి రెండు చేతులు. ఒకటి వదిలినా రెండోది పక్క వీపీ28ని పట్టుకునే ఉంటుంది, ఊడే వేగం తక్కువగా కనబడుతుంది. తిరగేయండి. యాంటీ-ఎఫ్‌సీతో (యాంటీబాడీ తోకని పట్టేది) యాంటీబాడీని చిప్పు మీద నిలిపి వీపీ28 పారించండి. ఆర్‌మ్యాక్స్ (చిప్పు నిండితే వచ్చే సిగ్నల్) 50 ఆర్‌యూ (ఆ సిగ్నల్ యూనిట్లు) దాటనీయొద్దు, ప్రవాహం నిమిషానికి 50 మైక్రోలీటర్లు. దట్టంగా అంటిస్తే ప్రోటీన్ చిప్పు దాకా చేరే వేగమే అతుక్కునే వేగంగా లెక్కకొస్తుంది.

కొల్లేరు_బయో: తిరగేస్తే తీరదండి. వీపీ28 స్ఫటికంలో మూడేసి కలిసి ట్రైమర్‌గా కనబడింది. ద్రావణంలోనూ అంతే అయితే మూడు చేతులున్నదాన్ని పారించినట్టే. పపైన్‌తో ఐజీజీని కోసి, ఫ్యాబ్ (ఒక్క చేయి ముక్క) తీసి పారించాలి.

గోదారి_గట్టు: పలచగా నిలిపితే ట్రైమర్‌కి రెండో ఐజీజీ అందదు.

కొల్లేరు_బయో: ఒకే ఐజీజీ రెండు చేతులూ ఒకే ట్రైమర్‌ని పట్టుకుంటే? పలచదనం దాన్ని ఆపదు.

అమలాపురం_కెమ్: రీజెనరేషన్‌కి (అతుక్కున్నది కడిగేసి చిప్పు మళ్లీ వాడడానికి) గ్లైసిన్ నేరుగా పీహెచ్ 1.5 వాడకండి, అంటించిన వీపీ28 చెడొచ్చు. 2.5తో మొదలెట్టి దిగండి.

గోదారి_గట్టు: ఊడే దశ ఎంతసేపు చూశారు?

భీమవరం_ల్యాబ్: 10 నిమిషాలండి. మొదటిదాని ఊడే వేగం సెకనుకు 10⁻⁵.

గోదారి_గట్టు: ఆ వేగానికి 10 నిమిషాల్లో ఊడేది 0.6 శాతం. బేస్‌లైన్ (ఏమీ అతుక్కోనప్పటి సిగ్నల్) జారుడే అంత ఉంటుంది! 5 శాతం ఊడాలంటే 85 నిమిషాలు చూడాలి. ఖాళీ బఫర్ ఇంజెక్షన్ తీసివేశారా?

కొల్లేరు_బయో: ఏ చర్చలోనైనా మీకు బేస్‌లైనే. ఫ్యాబ్ సంగతి మాత్రం దాటేస్తారు.

గోదారి_గట్టు: స్ట్రిప్ మీద ఉండేది ఫ్యాబా? పూర్తి ఐజీజీ కదండీ!

చెరువుగట్టు: పికోమోలార్ అని అట్ట మీద వేసిన స్ట్రిప్పే మాకు గీత చూపలేదు. పీసీఆర్ పాజిటివ్. పట్టుబడి ముందే రొయ్య పోయింది. మీ కేడీలు మాకెందుకు?

కొల్లేరు_బయో: ఆయన అడిగిందే అసలు సంగతి. పీసీఆర్ కొంచెం డీఎన్‌ఏనైనా పెంచి చూపిస్తుంది, స్ట్రిప్ పెంచదు. పైగా శాంపిల్ స్ట్రిప్ మీది యాంటీబాడీ గీత దాటేది సెకన్లలో. అంతలో పట్టాలంటే కావాల్సింది అతుక్కునే వేగం. కేడీ ఆ వేగాన్ని ఊడే వేగంలో కలిపి దాచేస్తుంది.

గోదారి_గట్టు: అది ఒప్పుకుంటాను. ఊడకుండా కాసేపు నిలపడానికి గీత మీద రెండు చేతులూ సాయమే. ల్యాబ్ గారూ, అతుక్కునే వేగాలు పెట్టండి.

భీమవరం_ల్యాబ్: మోలార్‌కు, సెకనుకు మొదటిది 5×10⁴, రెండోది 10⁶.

కొల్లేరు_బయో: 20 రెట్లు. ముందు రెండోదాన్ని స్ట్రిప్ మీద గీయండి. ఫ్యాబ్‌తో మాత్రం ఆ 10⁶ మళ్లీ కొలవండి.